గురవమ్మ షాటు

తొమ్మిదోసారి గురవమ్మ మిరపకాయ తొడిమ తుంచి పక్కన పారేసింది. తొమ్మిదోసారి తల ఎత్తి ఎడమ పక్కకు చూసింది, పెదవులు కదిలాయి, మాట మాత్రం లేదు, గది నిండా ఉన్నది ఆయిలింజను మోత ఒక్కటే, డుగడుగమని, గోడలకు అంటించిన కోడిగుడ్ల అట్టల్లోకి ఇంకిపోతూ. బాబూరావు ప్లాస్టిక్ కుర్చీలో ముందుకు వంగి గోడ మీది టీవీ వంక చూస్తున్నాడు. పోయిన అయిదు నెలలకు పెళ్ళాం మొహం ఇంత పెద్దగా కనిపిస్తుందని అతను అనుకోలేదు. బతికుండగా ఇంత పరకాయించి ఎన్నడూ చూడలేదు కూడా. ముక్కు పక్కన ఆ మచ్చ ముందు నుంచీ ఉందా? ఉండే ఉంటుంది. ఇరవై తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో తిరిగిన మనిషి మచ్చ ఎవడు చూస్తాడు. హీరోయిన్ల పుట్టుమచ్చలు ఎడమ చెంప మీదో కుడి చెంప మీదో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు గానీ, ఇది తెలియదు.

"పెదనాన్నా, ఏమన్నా పట్టావా?" అంది హరిత.

"తొందరేంది? ఇంకోసారి వెయ్యమను."

హరిత పక్కింటి పిల్ల. వాళ్ళ నాన్న బాబూరావుకు తమ్ముడి వరస. గుంటూరులో సినిమా చదువు చదువుతోంది, ఆ చదువు పేరు పలకడానికి అతనికి నోరు తిరగదు. కంప్యూటరు ముందున్న షబ్బీర్ మళ్ళీ మొదట్నుంచి వేశాడు. పిడుగురాళ్ళ అతను, హరిత క్లాసే, సౌండు పని అతనిది. మూలన మైకు ముందు స్టూలు మీద దీపిక అనే ఇంకో పిల్ల నీళ్ళ సీసా పట్టుకుని కూర్చుంది, గురవమ్మకు గొంతు ఇవ్వాల్సింది ఆమె. ఇరవై ఏళ్ళ పిల్ల యాభై ఏళ్ళ ఆడదాని గొంతు ఎట్లా తెస్తుందో, తెస్తుందంట, క్లాసులో అందరికంటే బాగా చేస్తుందంట. గది పెళ్ళి వీడియోలు చేసేవాళ్ళది, నరసరావుపేటలో, మేడ మీద, మూడింటికల్లా ఖాళీ చేయాలి, ఇప్పుడు రెండూ పది. మోత రాకూడదని ఏసీ ఆపేశారు, కిటికీకి బొంత కట్టారు, నలుగురి చెమట వాసన అక్కడక్కడే తిరుగుతోంది. రేపు కాలేజీలో సినిమా ఇవ్వాలి. పదిహేను నిమిషాల సినిమాలో అన్నీ అయిపోయాయి, ఈ నలభై ఒక్క సెకన్లు తప్ప. మిరప కళ్ళంలో ఒక తల్లి తొడిమలు తీస్తూ, ఫోనులో మునిగిపోయిన కూతురితో మాట్లాడుతుంది, కూతురు వినదు. అంతే షాటు, కూతుర్ని వేరే రోజు విడిగా తీశారు, ఈ షాటప్పుడు గురవమ్మ పక్కన ఎవరూ లేరు. మాటలు రాసివ్వలేదు. నీకు తోచింది మాట్లాడు పెద్దమ్మా, సొంత కూతురితో చెప్పుకున్నట్టు, అంది హరిత ఆ రోజు. గురవమ్మకు కూతురు లేదు, కొడుకూ లేడు. ఏం చెప్పుకుందో ఎవరికీ తెలియదు. ఇంజను మోత తినేసింది. పెద్దమ్మ నోరు చదవగలిగేవాడివి నువ్వొక్కడివే పెదనాన్నా, ఒక్కసారి రా, అని ఫోన్ చేస్తే బాబూరావు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉదయం బస్సుకే వచ్చాడు. పెళ్ళాం కోసం కాదు. సినిమా వాళ్ళు పిలిచారని.

పదోసారి. తొడిమ, చూపు, పెదవులు. చదవగలడు, ఎందుకు చదవలేడు. పెళ్ళయిన ఎనిమిదో రోజున మాచర్లకు మ్యాట్నీకి తీసుకెళ్ళాడు, బెంచీ టికెట్టు, కొత్త చీర గరగరమంటుంటే పక్కన కూర్చుంది, అంతకుముందు హాల్లో అడుగు పెట్టని మనిషి. సగం సినిమాకి నోరు ఆగలేదు. ఆమె ఎందుకు ఏడుస్తోంది, వాడు నిజంగానే చచ్చిపోయాడా, ఆ కుక్క ఏమైంది. ఆ కుక్క గోల ఆమెకు ఎందుకు. ముందు బెంచీ వాళ్ళు వెనక్కి తిరిగి, "ఏందిరా బాబూరావ్, కొత్త పెళ్ళికూతురికి ఇంటి దగ్గరే కథ చెప్పి తీసుకురాకపోయావా?" అని నవ్వారు. ఊళ్ళో సినిమా బాబూరావు అంటే ఒక లెక్క, గురజాలలో మొదటాట చూసి వచ్చి అరుగు మీద కూర్చుని మొత్తం సినిమా ఆడి చూపించేవాడు, పోరాటాలతో సహా, అతని ముందు నవ్వారు. చీకట్లో ఆమె తొడ మీద గోళ్ళు దిగేట్టు గిల్లాడు. "సినిమా నడిచేటప్పుడు నోరు లేచిందా, పళ్ళు రాలతయ్." మళ్ళీ లేవలేదు. మళ్ళీ తీసుకెళ్ళనూ లేదు. తర్వాత ఇంటికి టీవీ వచ్చింది, పొద్దస్తమానం సినిమాలే, గోడ అదిరేంత సౌండు పెట్టుకునేవాడు, అప్పుడు గురవమ్మ టీవీ పక్కకు వచ్చి నిలబడి గొంతు లేకుండా పెదవులతో మాత్రం చెప్పేది. అన్నం పెట్టనా. పాలవాడు వచ్చాడు. మీ అన్న పోయాడంట. అన్న చావు కూడా అట్లాగే తెలిసింది అతనికి, పాట మధ్యలో, మూతి కదలికలో, అతను వేలు ఎత్తాడు, ఆగు, ఈ పాట కానీ. ఆగింది. అట్లా ఇరవై ఏళ్ళ పైన. గొంతున్న గురవమ్మ ఎట్లా ఉండేదో అడిగితే తడుముకోవాలి గానీ, గొంతు లేని గురవమ్మ అతనికి కంఠతా వచ్చు.

"మొదటి ముక్క దొరికింది," అన్నాడు బాబూరావు. "వేళ్ళు మండుతున్నయ్, అంటోంది."

హరిత నోటుబుక్కులో రాసుకుంది. దీపిక స్టూలు మీద నిటారుగా కూర్చుంది. షబ్బీర్, "వావ్ పెదనాన్నా," అన్నాడు. వరస కలిపేశాడు, ఎవరికి పెదనాన్నో.

పదకొండోసారి చూస్తుంటే ఆ వావ్ చెవిలో తియ్యగానే ఉంది. ఈ విద్య ఇవాళ్టిది కాదు. నరసరావుపేటలో ఇక్కడికి నాలుగు వీధుల అవతల హాలు ఉండేది, ఇప్పుడు అందులో పత్తి బేళ్ళు వేస్తున్నారు, పొద్దున బస్సు దిగి నడుస్తూ చూశాడు, టికెట్టు కిటికీ కన్నానికి ఇటుక పెట్టేశారు. ఆ కన్నంలో చెయ్యి పెడితే ముంజేతి తోలు లేచిపోయేది, లోపల టికెట్టు పిడికిట్లో పెట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కోవడం ఒక యుద్ధం, వెనకవాడు భుజాల మీదికి ఎక్కేవాడు, ఒకసారి ఒకడి చెవి కొరికాడు, టికెట్టు మాత్రం వదల్లేదు. రీలు మారే ముందు తెర మూల పడే చుక్కను చూసి నాలుగు లెక్కపెట్టేవాడు, నాలుగు అనేసరికి మారేది. సౌండు పోయిన రోజులు ఇంకా బాగుండేవి. హాలంతా ఈలలు, బూతులు, ఆపరేటరు తల్లినీ చెల్లినీ ఎవరూ వదిలేవాళ్ళు కాదు, బాబూరావు మాత్రం బెంచీ ఎక్కి నిలబడి తెర మీది పెదవులు చూసి మాటలు అందించేవాడు. తెలిసినవి తెలిసినట్టు. తెలియని చోట సొంతంగా అల్లి, మూతి మూసుకున్న చోట మూసుకునేట్టు, తెరుచుకున్న చోట తెరుచుకునేట్టు. ఏవి అసలువో ఏవి అతను అల్లినవో జనానికి తేడా తెలిసేది కాదు. చప్పట్లు కొట్టేవాళ్ళు. సౌండు తిరిగొస్తే, తియ్యరా సౌండు, బాబూరావే బాగున్నాడు, అని అరిచేవాళ్ళు. ముప్పై ఏళ్ళయింది. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో సగం మంది పోయారు, ఉన్న సగం మంది ఫోనుల్లో చూస్తున్నారు.

అటువంటివాణ్ణి కాదంది ఈ పిల్ల.

జనవరి చివర్లో ఇంటికి వచ్చి, పెదనాన్నా సినిమా తీస్తున్నా, మన కళ్ళంలోనే, అంటే ఆ రాత్రి అతనికి ముద్ద దిగలేదు. తండ్రి పాత్ర ఉంటుంది కదా, ఏ సినిమాలో లేదు. అడక్కుండానే ఆడి చూపించాడు, వసారాలో, పంట మునిగిన రైతు గుండె పట్టుకుని కూలబడేది, కన్నీళ్ళతో సహా. గురవమ్మ వాకిట్లో గిన్నెలు తోముతోంది. హరిత కెమెరా అతని మీద పెట్టిందల్లా మెల్లగా అటు తిప్పింది. తిప్పి అట్లాగే ఉంచింది. "పెదనాన్నా, ఏమనుకోవద్దు, నువ్వు చానా చేస్తున్నావు. పెద్దమ్మ ఏమీ చెయ్యట్లేదు. నాక్కావాల్సింది అదే." నవ్వుతూ అంది. తల్లి పాత్ర ఒక్కటే అంది, తండ్రి లేడంది కథలో. గురవమ్మ బూడిద చేతులు కొంగుకి తుడుచుకుని, "నాకేం వచ్చమ్మా, మీ పెదనాన్న అయితే బాగా చేస్తాడు," అంది, అదొక్కటీ అనకపోయినా బాగుండేది, జాలి పడింది అతని మీద, పనిముట్టులా ఉండాల్సిన మనిషి. సినిమా అంటే ఏందో తెలియని మొహం. కుక్క ఏమైంది అని అడిగిన మొహం. ఆ మొహాన్ని నలభై గజాల దూరం నుంచి పెద్ద గొట్టం కెమెరాతో, ఆమె సిగ్గుపడకుండా, దొంగచాటుగా తీస్తారంట.

పన్నెండోసారి వేయమన్నాడు. ఇంజను మొదలయ్యే చోటు తెర మీద తెలుస్తుంది, గురవమ్మ భుజాలు ఒక్కసారి అదురుతాయి. ఆ అదురు తన చేత్తో పెట్టింది. ఫిబ్రవరి, సాయంత్రం ఎండ పసుపు రంగులోకి దిగుతోంది, కళ్ళం చుట్టూ వీధి వీధంతా వచ్చి చేరింది, గురవమ్మ చిలకాకుపచ్చ చీర కట్టింది, ఎవరో ఆడమనిషి ఆమెకు పౌడరు అద్దబోతే హరిత వద్దంది. షబ్బీర్ మైకు గుండీ అంత ఉన్నది తెచ్చి జాకెట్టు దగ్గర పెడుతూ, "పెద్దమ్మా, భయపడమాక, ఇది నీ మాట ఒక్కటే వింటది, పక్కవాళ్ళది వినదు," అన్నాడు. గురవమ్మ ఆ గుండీని రెండు వేళ్ళతో తాకి చూసుకుంది. బాబూరావును మాత్రం, పెదనాన్నా నువ్వు ఫ్రేములోకి వస్తున్నావు, కొంచెం వెనక్కి, ఇంకొంచెం, ఇంకొంచెం వెనక్కి, అంటూ తోశారు, తన కళ్ళంలోంచి తననే, ఊరంతా చూస్తుండగా. వెనక్కి వెనక్కి పోయి కాలవ గట్టు దగ్గర ఆయిలింజనుకు ఆనుకున్నాడు. చెయ్యి హ్యాండిలు మీద పడింది. తడి పెట్టాల్సిన పని లేదు. పెట్టాలన్నా అవతల బోరుకు కరెంటు ఉంది. హరిత చెయ్యి ఎత్తి యాక్షన్ అనడం కనిపించింది, గురవమ్మ తొడిమ తుంచడం కనిపించింది, నోరు తెరవడం కనిపించింది, హ్యాండిలు తిప్పాడు. పాత ఇంజను ఎన్నడూ ఒక్క తిప్పుకు అందుకోలేదు, ఆ రోజు అందుకుంది. హరిత దూరం నుంచి చేతులు ఊపుతూ ఏదో అరిచింది. అతను చెవి చూపించి, వినపడట్లేదు, అన్నట్టు తల ఊపాడు. షబ్బీర్ చెవుల మీది డిప్పలు లాగి పారేశాడు. పసుపు ఎండ పోతోంది, కెమెరా గొట్టం ఆ రాత్రికే తిరిగి ఇచ్చేయాలి, కానీండి, డబ్బింగ్‌లో చూసుకుందాం, అని తీసేశారు. అదేం మాటో, సినిమా వాళ్ళందరికీ అదొక ఊతపదం. డబ్బింగ్‌లో చూసుకుందాం. ఇంజను పక్కన నిలబడి బాబూరావు లోపల్లోపల నవ్వుకున్నాడు, ఇప్పుడు వినరా గుండీ.

పదమూడోసారి పెదవులు తెరుచుకున్నాయి, అతను వెతకకుండానే మాట వచ్చి పడింది. ఆ ఇంజను ఆయనే వేశాడు.

"ఆపు," అన్నాడు.

"దొరికిందా పెదనాన్నా?"

"లేదు. మంచినీళ్ళివ్వు."

నీళ్ళు తాగాడు. చొక్కా మీద ఒలికింది. మళ్ళీ వేయమన్నాడు. ఆ ఇంజను ఆయనే వేశాడు. కరెంటు ఉంది, అయినా వేశాడు. ఇక్కడ ఒక కాయ తుంచింది. వేయనీ. ఇదే మంచిది, బయటివాళ్ళకి వినపడదు. తెలిసింది ఆమెకు. అప్పుడే, అక్కడే, వెనక్కి తిరిగి చూడకుండానే తెలిసింది. తర్వాత నాలుగు నెలలు అతనికి అన్నం పెట్టింది, ఒక్క మాట అనలేదు, అనకపోవడం చూడు ఎంత పొగరు. మొహంలో కోపం లేదు. కోపం లేని మొహాన్ని పట్టుకుని ఏం చేయాలి. పదిహేనోసారి. బయటివాళ్ళకి వినపడదు, అంటూ జాకెట్టు దగ్గరి గుండీని రెండు వేళ్ళతో సర్దుకుంది, చూశాడు, ఇంతవరకూ చీమ దులుపుకుంటోందేమో అనుకున్నాడు. నీ మాట ఒక్కటే వింటది అని షబ్బీర్ చెప్పింది నిజమనుకుంది. చదువు లేని మొద్దు. మైకు మాట వింటుందంటే లోకంలో మోతంతా పక్కకు తప్పుకుంటుంది అనుకుంది. కళ్ళం ఆ చివర హరిత చెవిలో తన గొంతు ఒక్కటే పడుతోంది అనుకుని మాట్లాడింది, కెమెరాతో కాదు, తల్లి వేషంలో కాదు, ఆ పిల్లతో. అమ్మాయ్. ముక్కోటి నాటి నుంచి నెత్తురు పోతోంది.

షబ్బీర్ వేలు మీట మీద ఉంది. "మళ్ళీనా?" అన్నాడు. "మళ్ళీ," అన్నాడు బాబూరావు, తన గొంతు తనకు మామూలుగానే వినిపించింది. తెర మీద పెదవులు మళ్ళీ కదిలాయి. కడుపులో బండ పెట్టినట్టుంది. ఆయనకి రెండుసార్లు చెప్పా. సినిమా అయిపోనీ అన్నాడు.

చెప్పలేదు. అబద్ధం. చెప్పలేదు కదా. గుంటూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ కాగితాలు తిప్పుతూ, నాలుగు నెలలు ముందు తెస్తే ఏమన్నా చేసేవాళ్ళం, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు, అంటే అతను చేతులు జోడించి, ఎవరికీ చెప్పలేదండీ, లోపలే దాచుకుంది, ఆడమనిషి సిగ్గు, అన్నాడు. దినానికి వచ్చిన జనమందరికీ అదే చెప్పాడు, పందిట్లో కుర్చీ వేసుకుని, గొంతు ఎక్కడ తగ్గించాలో అక్కడ తగ్గించి, ఒక్క మాట చెప్పి ఉంటే భుజాన వేసుకుని తీసుకెళ్ళేవాణ్ణి కదా, అని. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. చెప్పలేదు. చెప్పిందా. టీవీ పక్కన. జనవరిలో, క్లైమాక్సులో, వర్షంలో పోరాటం, గురవమ్మ వచ్చి టీవీ పక్కన నిలబడింది, ఎడమ చెయ్యి పొత్తికడుపు మీద ఉంది, పెదవులు కదిలాయి, అతను చూశాడు. చూడలేదు అనడానికి లేదు, అన్నం అనీ పాలు అనీ చదివే కళ్ళకి నెత్తురు అన్న మాట మాత్రం ఎందుకు ఆనదు. చదివాడు. చదివి వేలు ఎత్తాడు. ఆడవాళ్ళ గోల, ఆ వయసులో అట్లాగే ఉంటుంది, సినిమా అయిపోనీ. అయిపోయాక ఆమె అడగలేదు, అతను గుర్తు చేయలేదు, ఇంకో సినిమా మొదలయింది. రెండోసారి ఎప్పుడో, ఏ సినిమానో. సినిమా పేరు కూడా గుర్తుకు రాబోతుంటే గట్టిగా నొక్కేశాడు.

పదిహేడో, పద్దెనిమిదో. లెక్క తప్పింది. తెర మీద ఆమె చివరి ముక్క అంటోంది, ఇప్పుడు కెమెరా వైపే సూటిగా చూస్తూ. మూడోసారి చెప్పనమ్మా. నువ్వు తీసుకెళ్ళు నన్ను.

"ఈ చూపు చూడు పెదనాన్నా," అంది హరిత మెల్లగా. "మా సార్ ఈ చూపు కోసమే షాటు ఉంచమన్నాడు. కట్ అన్నాక పెద్దమ్మ నా దగ్గరకి నడిచొచ్చింది, గుర్తుందా? చెయ్యి పట్టుకుని, విన్నావామ్మా, అని అడిగింది. నేనేమో హడావుడిలో, విన్నా పెద్దమ్మా, చానా బాగా చెప్పావు, సూపర్, అని కౌగిలించుకున్నా. కాసేపు నా మొహంలోకే చూసింది. సరేలేమ్మా, అని వెళ్ళిపోయింది. ఏం చెప్పిందో వినకుండానే విన్నానన్నా. అందుకే నాకు ఆ మాటలే కావాలి, ఉన్నవి ఉన్నట్టు."

బాబూరావు ఆ పిల్ల వంక చూశాడు. చెప్పేయాలనిపించింది. గురవమ్మ కోసం కాదు, ఆ నవ్వు మొహం ఎట్లా మాడిపోతుందో చూడటానికి. నువ్వు చానా చేస్తున్నావు పెదనాన్నా అన్న నోరు. విన్నానన్నావుగా, ఇదిగో నువ్వు విన్నది, రాసుకో బుక్కులో, అప్పుడే తీసుకెళ్తే బతికుండేదే, నీ చెయ్యి పట్టుకుని అడిగింది, సూపర్ అన్నావు. ఒక్క వాక్యం చాలు, జన్మలో కెమెరా పట్టుకోదు. నాలుక దాకా వచ్చింది. కానీ ఆ వాక్యం అక్కడ ఆగదు, దాని ముందు ఇంజను ఉంది, ఇంజను ముందు హ్యాండిలు ఉంది, ఇంకా ముందు టీవీ ఉంది, ఎత్తిన వేలు ఉంది. ఊరు ఉంది, పందిరి ఉంది. తెలియదు అంటే సరిపోతుంది. అవును, తెలియదు అని లేచిపోతే షాటు తీసి పారేస్తారు, గురవమ్మా పోతుంది, మాటలూ పోతాయి, బస్సు మూడున్నరకు.

"చానా కష్టంగా ఉందమ్మాయ్. మొదటి ముక్క తప్ప ఏం పట్టుబడట్లా."

"పర్లేదు పెదనాన్నా, నువ్వు కష్టపెట్టుకోమాక." హరిత అతని భుజం మీద చెయ్యి వేసింది. "గుంటూరులో చెవిటి పిల్లల బడి ఉంది. అక్కడి టీచరమ్మ మూతి చూసి అంతా చెప్పేస్తదంట. సార్‌ని రెండు రోజులు గడువు అడిగి, రేపు ఆమెకి చూపిస్తా."

ఇంజను మోత ఆగింది, షాటు అయిపోయి తిరిగి మొదలవడానికి మధ్య ఉండే చిన్న ఖాళీ అది. ఆ ఖాళీలో గదిలో దీపిక నీళ్ళు గుటక వేయడం వినిపించింది.

"ఆగు," అన్నాడు బాబూరావు. "పరాయి వాళ్ళకి మన మిరపకాయల భాష ఏం తెలుసు? ఇంకొక్కసారి వెయ్యి. ఆపి ఆపి వెయ్యి."

లేచి టీవీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళ కింద బెంచీ ఎక్కినప్పటి హుషారే వచ్చింది, అది భయం కాదు, భయమైతే బాగుండేది. మూతి ఎక్కడ మూసుకుంటుందో చూశాడు. ఎక్కడ సాగుతుందో చూశాడు. నెత్తురు ఉన్న చోట రేటు పెట్టాడు. బండ ఉన్న చోట బండి పెట్టాడు. చెప్పా అన్న చోట తెంపా అన్నాడు, పెదవులు అక్కడే కలుస్తాయి, అక్కడే విడిపోతాయి. పెళ్ళాం మొహంలోంచి ఒక్కొక్క మాటనూ వేలితో ఊడదీసి, అదే సందులో ఇంకొకటి దూర్చాడు. చెయ్యి తిరిగిన పని, చేస్తుంటే చేయాలనిపించేంత తేలిగ్గా వచ్చింది, ఒకచోట తన తెలివికి తనకే ముచ్చటేసింది. రాసుకో అమ్మాయ్, అన్నాడు.

హరిత రాసుకుంది. "వేళ్ళు మండుతున్నయ్. ఈ ఎండలు ఇట్టాగే కాశాయా, కాయ నిలుస్తది. కాయనీ. ఇదే మంచిది, బయటివాళ్ళు ఎగబడతారు. అమ్మాయ్, ముక్కోటి నాటి నుంచి ఎంత రేటు పోతోంది! గడప ముందే బండి పెడుతున్నారు. ఈ ఏడు రెండుసార్లు తెంపా. తేమన్నా ఆరిపోనీ అన్నాడు. మూడోసారి తెంపనమ్మా. నువ్వు తీసుకెళ్ళు కొన్ని."

"ఇంతేనా?" అంది హరిత. మొహంలో కొంచెం నిరాశ ఉంది, వెంటనే అది పోయింది, కళ్ళు నీళ్ళతో నిండాయి. "ఇంతే చెప్పిందా పెద్దమ్మ? అంత చూపు చూసి, కాయలు తీసుకెళ్ళమందా నన్ను? అయ్యో పెద్దమ్మా."

"ఆమె అంతే," అన్నాడు బాబూరావు. "ఇంకేం తెలుసు పిచ్చిదానికి."

దీపిక మైకు ముందు గొంతు సవరించుకుంది. మొదటిసారి చిన్నపిల్ల గొంతు వచ్చింది, రెండోసారి ఏడుపు కలిపింది, బాబూరావు చెయ్యి ఎత్తి ఆపాడు. "ఏడవమాకమ్మా. నువ్వు చానా చేస్తున్నావు. ఆమె ఏం చెయ్యలేదు. కొంచెం నవ్వు కలుపు, ఆ ఎంత రేటు పోతోంది అన్నకాడ." హరిత ఆశ్చర్యంగా చూసింది అతని వంక, మెచ్చుకోలుగా. దీపిక నవ్వు కలిపి చెప్పింది. తెర మీద గురవమ్మ నోరు తెరిచింది, దీపిక మాట అందులో కూర్చుంది, మూసింది, మాట మూసుకుంది. ఎక్కడా వెంట్రుకంత తేడా లేదు. కడుపులో బండ ఉన్న మనిషి సూటిగా కెమెరాలోకి చూస్తూ బండ్ల సంగతి చెబుతోంది, కాయలు తీసుకెళ్ళమంటోంది, చూసినవాడెవడైనా ఎంత మంచి మనిషి అనుకుంటాడు. షబ్బీర్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. హరితా కొట్టింది. దీపిక స్టూలు మీదే కొట్టింది. గది చిన్నది, కోడిగుడ్ల అట్టలు మోతను మింగేస్తున్నాయి, అయినా చప్పట్లు చప్పట్లే.

"పాత సౌండు తీసేయనా పెదనాన్నా?" అన్నాడు షబ్బీర్. "ఊరికే చోటు తింటోంది. ఇంజను మోత కింద పెద్దమ్మ గొంతు ఎక్కడో ఒకటి అరా ఉంటే ఉండొచ్చు. మీకు కావాలంటే పెన్‌డ్రైవులో వేసిస్తా, గుర్తుగా."

గొంతు. గురవమ్మ గొంతు ఎక్కడా లేదు, ఏ ఫోనులోనూ లేదు, పెళ్ళి వీడియోలో బ్యాండు మేళమే ఉంది. ఉంటే ఇందులోనే ఉంది, డుగడుగల అడుగున, ఎవరైనా ఓపిగ్గా తవ్వితే రేపో ఎల్లుండో, ఏ కొత్త మిషనో వచ్చి తవ్వితే.

"తీసెయ్," అన్నాడు బాబూరావు. "ఏం చేసుకుంటా మోతని."

షబ్బీర్ తీసేశాడు. ఒక్క నొక్కుడు.

మూడింటికి ఇంకా పది నిమిషాలుంది. కిటికీకి కట్టిన బొంత విప్పారు, ఏసీ వేశారు, హరిత కంప్యూటరు ముందు కూర్చుని ఏదో టైపు కొడుతూ, "పెదనాన్నా, నువ్వు లేకపోతే ఈ సినిమా లేదు," అంది. "టైటిల్స్‌లో నీ పేరు వేస్తున్నా. మాటలు: బాబూరావు. అట్లా వేస్తే చాలా?"

గోడ మీది తెరపై, నల్లటి చోటులో, తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే వచ్చి నిలబడుతున్నాయి. బాబూరావు దగ్గరికి జరిగాడు. చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"చాలదు. ఇంటిపేరు కూడా పెట్టు. పోలూరి బాబూరావు." అక్షరాలు సరిగ్గా వచ్చాయో లేదో ఒక్కొక్కటే చదువుకున్నాడు. "ఎంతసేపు ఉంటది?"

"మూడు సెకన్లు పెదనాన్నా."

"చదివేవాళ్ళకి ఆనదు," అన్నాడు. "అయిదు ఉంచు."